స్కూల్లో 19 పాయింట్లు కొట్టే కుర్రాడు కాలేజీలో ఆడగలడా?

డల్లాస్ తండ్రి:
అందరికీ నమస్తే. మా వాడు 11వ తరగతి, బాస్కెట్‌బాల్ ఆడతాడు. పాయింట్ గార్డ్ (బంతి నడిపిస్తూ ఆట కట్టేవాడు), ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. ఈ సీజన్‌లో స్కూల్ టీమ్ తరఫున మ్యాచ్‌కి సగటున 19 పాయింట్లు కొట్టాడు. వాడి ఏఏయూ (స్కూల్ బయటి క్లబ్ ఆట) కోచ్ ఏమంటాడంటే, ‘డివిజన్ 1 (కాలేజీ ఆటలో పైస్థాయి) స్థాయి ఉంది, 12 అయ్యాక ఒక ఏడాది ప్రెప్ స్కూల్లో (కాలేజీకి ముందు ఇంకో ఏడాది చదివి ఆడే చోట) వేయండి, కాలేజీల ఆఫర్లు వస్తాయి’ అని. ఆ ఏడాది ఖర్చు మాకు చిన్న విషయం కాదు. మా ఆవిడేమో మంచి డివిజన్ 3 (మూడో స్థాయి) కాలేజీ చూసుకుంటే చదువూ ఆటా రెండూ నడుస్తాయంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. నాలుగు నిమిషాల హైలైట్స్ వీడియో పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

పాత పాయింట్ గార్డ్:
అన్నా, వీడియో చూశాను. షాట్ బాగుంది, అందులో అనుమానం లేదు. కానీ హైలైట్స్‌లో పడిన షాట్లే ఉంటాయి కదా. ఒక పూర్తి మ్యాచ్ పెట్టండి, అదీ మీవాళ్లు ఓడిపోయింది.

నేను డివిజన్ 3లో ఆడాను, ఇప్పుడు ఒక హైస్కూల్ టీమ్‌కి అసిస్టెంట్ కోచ్‌ని. 19 పాయింట్లు అన్న అంకె విని ఏమీ చెప్పలేను. ఎవరి మీద కొట్టాడు, ఎన్ని షాట్లు వేస్తే అన్ని వచ్చాయి? హైస్కూల్ త్రీ పాయింట్ గీత (దాని బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు) 19 అడుగుల 9 అంగుళాలు. కాలేజీలో 22 అడుగులు దాటుతుంది. 32 నిమిషాల ఆట 40 నిమిషాలవుతుంది. 30 సెకన్లలోపు షాట్ వేసి తీరాలనే షాట్ క్లాక్ నెత్తిమీద ఉంటుంది, కొన్ని రాష్ట్రాల హైస్కూళ్లలో అసలు షాట్ క్లాకే లేదు. వీటన్నిటికీ తోడు, ఎదురుగా 22 ఏళ్ల మనిషి నిలబడి ఉంటాడు.

ఫ్రీ త్రో (ఫౌల్‌కి దక్కే షాట్) శాతం ఎంత? త్రీల శాతం కన్నా నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. ఎక్కడికెళ్లినా ఆ గీత 15 అడుగులే, అడ్డం వచ్చేవాడూ ఉండడు. చేతిలో ఉన్న షాట్ ఎంత నిఖార్సయినదో అక్కడ తెలిసిపోతుంది.

డల్లాస్ తండ్రి:
ఫ్రీ త్రోలు 84 శాతం. ప్లేఆఫ్స్‌లో ఓడిన మ్యాచ్ లింక్ పెట్టాను. అందులోనూ 22 కొట్టాడు.

స్టెఫ్ అభిమాని:
అంచనాల మాట అంత గట్టిగా చెప్పకండి బ్రదర్. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) స్టార్ స్టెఫెన్ కర్రీ తండ్రి డెల్ కర్రీ వర్జీనియా టెక్ కాలేజీలో ఆడి ఎన్‌బీఏకి వెళ్లినవాడు. అదే వర్జీనియా టెక్ కొడుక్కి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, కావాలంటే వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లోకి, రమ్మంది. సన్నగా ఉన్నాడని పెద్ద కాలేజీలన్నీ వదిలేశాయి. డేవిడ్సన్ అనే చిన్న కాలేజీ తీసుకుంది. 2008లో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఆ చిన్న కాలేజీ గొంజాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్‌లను ఓడించి చివరి ఎనిమిదిలోకి వచ్చింది, కాన్సస్ చేతిలో రెండే పాయింట్ల తేడాతో ఓడింది.

ఎన్‌బీఏ ఆటగాడు జా మొరాంట్ సంగతి ఇంకా విచిత్రం. ర్యాంకింగ్స్‌లో పేరే లేదు. 2016లో ఒక క్యాంప్‌లో పక్క జిమ్‌లో త్రీ ఆన్ త్రీ ఆడుతుంటే, వేరే కుర్రాణ్ణి చూడ్డానికొచ్చిన ముర్రే స్టేట్ అసిస్టెంట్ కోచ్ కంట్లో పడ్డాడు. 2019 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునేది) రెండో పిక్ అయ్యాడు. ఇంకోపక్క ఎమోనీ బేట్స్ 15 ఏళ్లకే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక కవర్ మీదకెక్కాడు, డ్రాఫ్ట్ నాటికి 49వ పిక్‌కి పడిపోయాడు. నిపుణులే ఇంత తప్పుతుంటే, 16 ఏళ్ల పిల్లాడికి ఇప్పుడే ‘నీ స్థాయి ఇంతే’ అని గీత గీయడం నాకు నచ్చదు.

పాత పాయింట్ గార్డ్:
మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ కర్రీ కథలో అందరూ దాటేసే ముక్క ఒకటుంది. డేవిడ్సన్‌లో మొదటి మ్యాచ్‌లోనే 13 సార్లు బంతి పోగొట్టుకున్నాడు. కోచ్ బాబ్ మెకిలప్ వాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టలేదు. తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ మీద 32 కొట్టాడు. పెద్ద కాలేజీలో మొదటి ఏడాది వాక్-ఆన్‌కి అలాంటి రెండో అవకాశం వచ్చేదంటారా? తనను ఆడించాలని గట్టిగా అనుకున్న కోచ్ దగ్గరికి వెళ్లాడు కాబట్టి ఆ ఆట బయటికొచ్చింది. నా వాదన అంతా ఇదే.

ఇక మ్యాచ్ సంగతి. మొత్తం చూశాను అన్నా. ఆ 22లో సగానికి పైగా ఆట చేజారిపోయాక వచ్చినవి. రెండో క్వార్టర్ నుంచి అవతలి గార్డ్ మీ వాణ్ణి ఎడమవైపుకే నెట్టాడు. నెట్టిన ప్రతిసారీ మీ వాడు డ్రిబుల్ ఆపి, వెనక్కి తిరిగి, బంతి రెండు చేతుల్లో పట్టుకుని పాస్ కోసం చూశాడు. ఆ చూపులోనే రెండు సెకన్లు పోతున్నాయి. కాలేజీలో ఆ రెండు సెకన్లలో రెండో డిఫెండర్ మీదకొచ్చేస్తాడు. పాస్ ఇచ్చాక కూడా ఉన్నచోటే నిలబడిపోతున్నాడు, కట్ చేయడం (ఖాళీలోకి పరిగెత్తడం) లేదు.

మెచ్చుకోవాల్సినదీ ఒకటుంది. మూడో క్వార్టర్లో బంతి పోగొట్టుకుని, వెంటనే వెనక్కి పరిగెత్తి, లేఅప్ (రింగ్ దగ్గరి షాట్) వేయబోయేవాణ్ణి ఫౌల్ చేయకుండా ఆపాడు. కోచ్‌లు ఇలాంటివి రాసుకుంటారు. 22 పాయింట్ల కన్నా ఆ ఒక్క పరుగు నాకు ఎక్కువ నచ్చింది.

ఎడమ చేయి నేర్పితే వచ్చేదే. ఇవాళ్టికైతే నాకు కనబడుతున్నది మంచి డివిజన్ 3 గార్డ్.

స్టెఫ్ అభిమాని:
నేర్పితే వచ్చేదే అని మీరే అంటున్నారు. మరి ప్రెప్ ఏడాది అందుకే కదా! ఒళ్లు గట్టిపడుతుంది, ఇంకో అంగుళం పెరగొచ్చు కూడా.

పాత పాయింట్ గార్డ్:
ఇదివరకైతే ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) లెక్క మార్చేసింది. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లయినా, ఏడాది ఖాళీగా కూర్చోకుండా కాలేజీ మారొచ్చు. కాలేజీలో మూడేళ్లు ఆడి రుజువు చేసుకున్న గార్డ్ దొరుకుతుంటే, డివిజన్ 1 కోచ్ 19 ఏళ్ల కుర్రాడి మీద ఎందుకు పందెం కాస్తాడు? హైస్కూల్లో ఆడే అబ్బాయిలు 5 లక్షలకు పైనే. డివిజన్ 1కి చేరేది నూటికి ఒకరు.

అన్నా, ఒక్కటి అడుగుతాను. 10వ తరగతి అయ్యాక జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు పిల్లలకు నేరుగా ఫోన్ చేయొచ్చు. మీ వాడికి ఎవరైనా చేశారా?

డల్లాస్ తండ్రి:
ఫోన్లు రాలేదండీ. డివిజన్ 1 కాలేజీల నుంచి క్యాంపులకు రమ్మని మెయిల్స్ వచ్చాయి. డివిజన్ 3 కోచ్‌లు ఇద్దరు మాత్రం వాడి ఆట గురించి వివరంగా రాశారు.

న్యూజెర్సీ అమ్మ:
ఆ క్యాంప్ మెయిల్స్ చూసి సంబరపడకండి. ఫీజు కట్టేవాళ్ల కోసం వందల మందికి పంపుతారు. మా అమ్మాయి డివిజన్ 3లో ఆడుతోంది కాబట్టి చెబుతున్నాను.

డివిజన్ 3లో ఆటకని స్కాలర్‌షిప్ ఉండదు. మార్కులకు, ఆదాయానికి తగ్గట్టు సాయం ఉంటుంది, కొన్నిచోట్ల అది బాగానే వస్తుంది. ఆ లెక్క ముందే అడగండి.

డివిజన్ 1 ఆశ ఉంటే మాత్రం ఈ వారమే ట్రాన్‌స్క్రిప్ట్ (హైస్కూల్ గ్రేడ్ల రికార్డు) తీయండి. ఎన్‌సీఏఏ ఒప్పుకున్న కోర్ సబ్జెక్టులు 16 ఉండాలి, వాటిలో జీపీఏ కనీసం 2.3. 12వ తరగతి మొదలయ్యేలోపు 10 అయిపోవాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌వి కావాలి. తర్వాత ఆ గ్రేడ్లు పెంచుకుందామంటే లెక్కలోకి తీసుకోరు. ప్రెప్ ఏడాదిలో సర్దుకుందాం అనుకుని కూర్చున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

ఇంకో మాట. మీ ఆవిడగారు చెప్పిన దారిలో వెళ్తే తలుపులు మూసుకుపోవు. డివిజన్ 1 కాలేజీ మేరీల్యాండ్‌కి ఆడిన వరుణ్ రామ్ మొదట ట్రినిటీ అనే డివిజన్ 3 కాలేజీలోనే ఆడాడు. 5 అడుగుల 9 అంగుళాల మనిషి. 2015 ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ప్రత్యర్థి వాల్పరైజో చివరి షాట్ వేయకుండా అడ్డుకుంది అతనే.

డల్లాస్ తండ్రి:
ట్రాన్‌స్క్రిప్ట్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్ అక్కా. ఎడమ చేతి విషయం వాడికి చూపించాను. ముందు కోపగించుకున్నాడు. తర్వాత తనే ఆ మ్యాచ్ మళ్లీ పెట్టుకుని చూశాడు. ఆ ఇద్దరు కోచ్‌లతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలి?

పాత పాయింట్ గార్డ్:
మీ టీమ్‌లో ఇప్పుడు గార్డ్‌లు ఎంతమంది, ఎవరెవరు ఏ ఏడాదిలో ఉన్నారు, మొదటి ఏడాది పిల్లలకు నిరుడు ఎన్ని నిమిషాలు దక్కాయి అని అడగమనండి. మీరు కాదు, మీ వాడే అడగాలి. తండ్రి మాట్లాడి కొడుకు పక్కన కూర్చుంటే కోచ్‌లకు నచ్చదు.

స్టెఫ్ అభిమాని:
అడగండి, మంచిదే. నేను మాత్రం ప్రెప్ మాట ఇప్పుడే కొట్టేయనంటాను. వేసవి ఏఏయూ టోర్నమెంట్లలో పెద్ద కుర్రాళ్ల మీద ఎడమవైపు ఎలా వెళ్తున్నాడో చూసి, ఆగస్టులో నిర్ణయం తీసుకోండి. అప్పుడు కూడా పూర్తి మ్యాచ్ లింకే పెట్టండి.