అప్‌డేట్: సూర్యుడి ఉపరితలం కంటే కరోనా ఎందుకు వేడి? జవాబు దొరికింది (చాలావరకు)

రాయగడలో ట్యూషన్ పిల్లలు వేసిన ప్రశ్ననే ఇక్కడ అడిగాను: ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలైతే, దానిపైనున్న కరోనా (సూర్యుడి వెలుపలి వాతావరణం) పది లక్షల డిగ్రీలు ఎలా దాటుతుంది? చల్లని చోటి నుంచి వేడి చోటికి ఉష్ణం దానంతటది ప్రవహించదు కదా?

అందరికీ ధన్యవాదాలు. ఆల్ఫ్‌వెన్ తరంగాల (అయస్కాంత బలరేఖల వెంట పాకే కంపనాల) గురించి చదవమన్న సలహాతో ముడి విడింది. బరంపురంలో భౌతికశాస్త్రం బోధించే మా బావగారు మిగతాది విడమరచి చెప్పారు. ఉపరితలం వద్ద తెర్లే ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) అయస్కాంత బలరేఖల మొదళ్లను కుదుపుతూ ఉంటుంది. ఆ కుదుపు, మీటిన వీణ తీగలో కంపనంలా, రేఖల వెంట పైకి పాకుతుంది. శక్తి కదలికగా వెళ్లి పైన వేడిగా మారుతుంది కాబట్టి ఉష్ణగతిక నియమానికి భంగం లేదు. ఈ తరంగాలను స్వీడన్ భౌతికశాస్త్రవేత్త హానెస్ ఆల్ఫ్‌వెన్ 1942లోనే ఊహించారు. 2007లో, సూర్యుణ్ణి పరిశీలించే జపాన్ ఉపగ్రహం హినోడే చిత్రాల్లో వాటి ఆనవాళ్లు కనిపించాయి.

నన్ను ఆశ్చర్యపరచింది లెక్క. ఉపరితలంలో ప్రతి చదరపు మీటరు నుంచి సుమారు 6.3 కోట్ల వాట్లు వెలువడుతుంటే, ప్రశాంతమైన కరోనాకు కావలసింది కొన్ని వందల వాట్లే! అంత పలచన అది.

కరోనాలో కేంద్రక సంలీనం జరుగుతుందన్న జవాబును వదిలేయండి, అక్కడ అంత సాంద్రత లేదు. ధ్వని తరంగాలూ చాలావరకు కిందే ఆగిపోతాయి. నానోఫ్లేర్లు (అయస్కాంత శక్తి విడుదలయ్యే చిన్న చిన్న విస్ఫోటాలు) అన్నవారిని మాత్రం కొట్టిపారేయలేం. ఆల్ఫ్‌వెన్ తరంగాలు తమ శక్తిని అంత తేలికగా వదలవు, అందుకే ఎవరి వాటా ఎంతన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తోంది.