క్లాసులో నోరు జారాను. సారీ చెబితే లోకువైపోతానా?

కొత్త లెక్కల సారు:
అందరికీ నమస్కారం. మెగా డీఎస్సీ 2025లో స్కూల్ అసిస్టెంట్ లెక్కలు వచ్చింది. అక్టోబరులో ఒక పల్లెటూరి జడ్పీ హైస్కూల్లో జాయినయ్యాను. అంతకుముందు మూడేళ్లు కోచింగుల చుట్టూ తిరగడమే తప్ప, పిల్లల ముందు నిలబడింది బీఈడీ టీచింగ్ ప్రాక్టీసులో మాత్రమే.

మొన్న గురువారం ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు చెబుతున్నాను. ఒక అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచి –3 – 5 చేయమన్నాను. ప్లస్ 8 అని రాశాడు. చెరిపి మళ్లీ చేయమంటే మళ్లీ అదే. ఆ రోజు పొద్దున్నే సిలబస్ వెనకబడిందని హెచ్ఎం గారు గట్టిగా అడిగి ఉన్నారు. ఆ చిరాకంతా వాడి మీద తీర్చుకున్నాను. "నువ్వు గేదెలు కాసుకోవడానికే పనికొస్తావురా" అనేశాను. క్లాసంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు. అదే నాకు ఇంకా ఇబ్బందిగా ఉంది. శుక్ర, శనివారాలు బడికి రాలేదు. తర్వాత తెలిసింది, వాళ్లది నిజంగానే పాడి ఉన్న ఇల్లు.

చేయి చేసుకోలేదు, కానీ కొట్టినట్టే అనిపిస్తోంది. స్టాఫ్‌రూమ్‌లో చెబితే "ఇవన్నీ మామూలే తమ్ముడూ, సారీ గీరీ అన్నావంటే రేపటి నుంచి నెత్తికెక్కుతారు" అన్నారు. అందరి ముందూ చెప్పాలా, పక్కకు పిలిచి చెప్పాలా, ఊరుకోవాలా? టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ హెచ్ఎం:
బాబూ, అన్నది అందరి ముందు కాబట్టి చెప్పేదీ అందరి ముందే. పక్కకు పిలిచి చెబితే నీ మనసు తేలికవుతుంది, అంతే. క్లాసులో వాడికి పోయింది క్లాసులోనే తిరిగి రావాలి.

నేను 1987లో సర్వీసులో చేరాను. బెత్తం లేకుండా క్లాసుకి వెళ్తే తల్లిదండ్రులే ఆశ్చర్యంగా చూసే రోజులు. నేనూ కొట్టాను, గుంజీలు తీయించాను, బెంచీ ఎక్కించాను. ఒకసారి డస్టరు విసిరితే ఒక పిల్లవాడి కనుబొమ్మ చీలింది. అంగుళం కిందకి తగిలి ఉంటే కన్ను పోయేది. ఆ రోజుతో చేయి ఆగింది. నోరు ఆగడానికి ఇంకో పదేళ్లు పట్టింది. దున్నపోతు, అడ్డగాడిద, కోడిమెదడు... నా నోట్లో ఉన్న పశుసంపద ఏ సంతలోనూ ఉండదు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక 17వ సెక్షన్ గురించి మీటింగులు పెట్టారు. అందరం "కొట్టకూడదట" అనుకుంటూ ఇళ్లకు వెళ్లాం. సరిగ్గా చదివితే శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపు కూడా అదే వాక్యంలో ఉంది. అతిక్రమిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య. బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు చూస్తే వెక్కిరించడం, పేర్లు పెట్టడం, కులం గురించీ తల్లిదండ్రుల పని గురించీ ఎత్తిపొడవడం అన్నీ వేధింపు కిందికే వస్తాయి. నీ "గేదెలు" ఎక్కడికి వస్తుందో నువ్వే చూసుకో. భయపెట్టడానికి చెప్పడం లేదు. "ఇవన్నీ మామూలే" అన్నవాళ్ల కోసం చెబుతున్నాను.

లెక్కల మేడమ్, పాలమూరు:
అందరూ సారీ గురించి మాట్లాడేలా ఉన్నారు. నేను ప్లస్ 8 గురించి మాట్లాడతాను.

ఆ బాబు తెలివితక్కువతనంతో రాయలేదు సార్. "మైనస్ మైనస్ ప్లస్" అని ఎవరో చెప్పారు, వాడు దాన్ని నమ్మాడు. అది గుణకారం సూత్రం. రెండు మైనస్‌లు కనబడగానే పిల్లలు దాన్నే వాడేస్తారు. ఏటా నా క్లాసులో సగం మంది ఇదే రాస్తారు. మూడు రూపాయలు అప్పున్నవాడు ఇంకో అయిదు అప్పు చేస్తే చేతికి ఎనిమిది వస్తాయా అని అడగండి, వాళ్లే నవ్వుకుని దిద్దుకుంటారు.

నోరు జారడం ఒక తప్పు. "ఇలా ఎందుకు రాశావు నాన్నా" అని అడగకపోవడం రెండోది. నన్నడిగితే రెండోదే పెద్దది. ఎందుకంటే మొదటిదానికి సారీ ఉంది.

కొత్త లెక్కల సారు:
మేడమ్... ఆ సూత్రం చెప్పింది నేనే. ముందు వారం. పాట లాగా మూడుసార్లు అనిపించాను కూడా.

లెక్కల మేడమ్, పాలమూరు:
అయితే సారీలో అదీ కలిపి చెప్పండి :)

గోడకుర్చీ బాధితుడు:
నేను టీచర్ని కాదు, సాఫ్ట్‌వేర్. 2003 టెన్త్ బ్యాచ్. గోడకుర్చీ ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు, తొడపాశాలు సరేసరి. వాటిలో ఒక్కటీ బాధగా గుర్తులేదు, స్నేహితులం కలిస్తే చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ యూనిట్ పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు మా సైన్స్ సారు తక్కువ మార్కుల నుంచి పైకి పిలిచేవారు. మా నాన్న టైలరు. నా పేపరు గాల్లోకి విసిరి "నీకు కత్తెరే గతి" అన్నారు. నేనూ నవ్వాను, మీ ఏడో తరగతి అబ్బాయిలాగే. నవ్వకపోతే ఏడవాలి కదా, అక్కడ ఉన్నవి ఆ రెండు దారులే.

పాతకాలం మాస్టారు:
ఇంత సున్నితం పనికిరాదు. దండం దశగుణం భవేత్ అని ఊరికే అనలేదు. ఒకపక్క కొట్టకు, తిట్టకు, ఫెయిల్ చేయకు అంటారు. ఇంకోపక్క పదో తరగతి రిజల్ట్ తగ్గితే షోకాజ్ నోటీసు మాకే ఇస్తారు. అరవై మంది ఉన్న గదిలో నిశ్శబ్దం ఎలా వస్తుందో ఈ సలహాలిచ్చేవాళ్లు ఒక్క పీరియడ్ చూపించండి. ఇప్పుడు పిల్లవాడిని "ఏరా" అనాలన్నా భయమే.

రిటైర్డ్ హెచ్ఎం:
మాస్టారూ, నోటీసు బాధ నిజమే, కాదనను. కానీ అరుపుతో వచ్చిన నిశ్శబ్దం మనం వరండా దాటేంతవరకే ఉంటుంది. నేను చూసిన టీచర్లలో క్లాసు బాగా అదుపులో ఉన్నావిడ అసలు గొంతు పెంచేది కాదు. బెల్ కొట్టేసరికి గుమ్మం దగ్గర ఉండేది. లోపలికి రాగానే బోర్డు మీద ఒక చిన్న పని రాసేది, పిల్లలు అది చేస్తుండగా హాజరు వేసుకునేది. గోల మొదలవడానికి ఖాళీ ఏది? మనం పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లి, అప్పటికే సంతలా ఉన్న గదిని చూసి "నిశ్శబ్దం!" అని అరుస్తాం. వేళకు రావడం అనేది అదే విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్లో టీచరు విధుల్లో మొట్టమొదటిది.

"ఏరా" అనండి. ప్రేమగా అన్న "ఏరా"కీ విదిలించి అన్న "ఏరా"కీ తేడా పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

ప్రైవేటు టీచరమ్మ:
ప్రభుత్వ బళ్ల వాళ్లకు సర్వీసు రూల్సన్నా ఉన్నాయి. మా సంగతి వినండి. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ప్రైవేటు బళ్లో ఫీజు బకాయి ఉన్న పిల్లల లిస్టు క్లాస్ టీచర్ చేతికిచ్చి, మొదటి పీరియడ్‌లో పేర్లు చదివి నిలబెట్టమనేవారు. మొదటి నెల చదివాను. అబద్ధం ఎందుకు, ఉద్యోగం కొత్త, ఇంటి అద్దె ఉంది. రెండో తరగతి పాప లేచి నిలబడి "మా డాడీ రేపు ఇస్తారు మిస్" అంది. రోజూ అదే మాట. ఆ పాపకు రేపు అంటే ఏమిటో కూడా తెలియదు.

రెండో నెల నుంచి లిస్టు చదవడం మానేశాను. ప్రతి తల్లికీ విడిగా ఫోన్ చేసేదాన్ని. సూపర్‌వైజర్ గారికి ఆ సంగతి తెలిశాక నన్ను ఆఫీసు రూములో నిలబెట్టారు :) ఆ ఏడాది చివర మానేశాను.

ఇంకో తలనొప్పి వాట్సాప్ గ్రూపు. స్లిప్ టెస్ట్ మార్కులు పేర్లతో సహా అందులో పెట్టమంటారు. ఒకప్పుడు పేపర్లు విసిరితే క్లాసులో నలభై మందే చూసేవారు. ఇప్పుడు నలభై ఇళ్లలో తాతయ్యలతో సహా చూస్తారు. నేను ఎవరి మార్కులు వాళ్లకే పంపిస్తాను. గంట ఎక్కువ పడుతుంది. పడనీ.

ఇద్దరు పిల్లల నాన్న:
తండ్రిగా ఒక మాట. క్లాసులో పిల్లలతో రీల్స్ చేయడం దయచేసి ఆపండి. మా చిన్నది ఎక్కం తప్పు చెబితే వాళ్ల టీచరు "ఎంత క్యూటో" అని వీడియో పెట్టింది. మాకు ఎవరో పక్కింటివాళ్లు చూపించారు. వారం రోజులు పిల్ల ఎక్కాలు చెప్పనంది. మంచి టీచరే, చెడు ఉద్దేశం లేదు. అయినా అడగాలి కదండీ.

పాతకాలం మాస్టారు:
దీనికి మాత్రం ఒప్పుకుంటాను. అయితే ఫోను మా సరదా కాదు. హాజరు యాప్, భోజనం యాప్, ఫోటో తీసి అప్‌లోడు. ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలు కూడా పంపించాం. క్లాసులో ఫోన్ పట్టుకుంటే తప్పంటారు, యాప్ నింపకపోతే అదీ తప్పే.

రిటైర్డ్ హెచ్ఎం:
నిజమే. నేనున్నప్పుడు యాప్ పనులు లీజర్ పీరియడ్‌లోనే అని పెట్టుకున్నాం. సిగ్నల్ లేని రోజు మినహాయింపు. అంటే దాదాపు రోజూ.

ఏజెన్సీ ఎస్జీటీ:
మాది చింతూరు వైపు, ఒకటి నుంచి అయిదో తరగతి వరకూ టీచర్ని నేనొక్కడినే. ఇక్కడ నవ్వు గురించి ఒకటి నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఒకటో తరగతి పాప నా దగ్గరికొచ్చి "ఏర్, ఏర్" అంది. ఏటికి వెళ్తానంటోందేమో అనుకుని "కూర్చో, ఇప్పుడు ఏరూ లేదు గీరూ లేదు" అన్నాను. పెద్ద పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. పాప గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. వాళ్ల కోయ భాషలో ఏర్ అంటే నీళ్లు. దాహం వేసి అడుగుతుంటే మేమంతా నవ్వాం.

తెలుగు రాదని ఆ పిల్లలను వెనకబెంచీలో కూర్చోబెట్టడం చాలాచోట్ల చూశాను. కోయ రాని మనల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇప్పుడు రోజుకో కోయ మాట పిల్లల దగ్గర నేర్చుకుని బోర్డు మూల రాస్తాను. తప్పు పలికితే వాళ్లు పడీపడీ నవ్వుతారు. ఆ నవ్వు ఓకే, అది నా మీద కాబట్టి.

ప్రైవేటు టీచరమ్మ:
ఇంకొకటి, ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే అంటున్నాను. హైస్కూల్లో చేరిన కొత్త తమ్ముళ్లు ముఖ్యంగా వినండి. డౌటు చెప్పడానికైనా ఒక్క అమ్మాయిని ఒంటరిగా గదిలో ఉంచకండి, ఇద్దరు ముగ్గురు ఉండేలా చూసుకోండి, తలుపు తీసి ఉంచండి. పిల్లలకు విడిగా రాత్రిపూట మెసేజులు వద్దు. మీరు ఎంత మంచివారైనా సరే. ఎవరైనా పిల్ల వచ్చి తనకు జరిగింది చెప్పుకుంటే "బడి పరువు" అంటూ స్టాఫ్‌రూమ్‌లో పంచాయితీ పెట్టకండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం, సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అది మీ మీద కేసు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు క్లాసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. మా బళ్లో క్యాలెండరు వెనక రాసి ఉండేది.

కొత్త లెక్కల సారు:
అందరికీ థాంక్సండి. జరిగింది చెబుతాను.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాడు బడికి రానిది నా మాట వల్ల కాదట. గేదె ఈనిందట, వాళ్ల నాన్న ఊళ్లో లేకపోతే వాడే చూసుకున్నాడట. నేను వచ్చిన పని వాళ్లమ్మకు చెప్పబోతుంటే వాడు వెనక నుంచి వద్దు సార్ అన్నట్టు తలూపాడు. ఇంట్లో చెప్పలేదన్నమాట. నేనూ ఊరుకున్నాను. ఆవిడ బలవంతంగా గిన్నెడు జున్ను చేతిలో పెట్టింది. తీసుకోవచ్చో లేదో తెలియలేదు, తీసుకున్నాను.

సోమవారం క్లాసులో చెప్పాను. "గురువారం నేను అన్న మాట తప్పు. మైనస్ మైనస్ ప్లస్ అని మీకు సగం చెప్పి వదిలేసింది కూడా నేనే." గది ఒక్క నిమిషం చాలా నిశ్శబ్దంగా ఉంది. తర్వాత అప్పు లెక్కతో మళ్లీ మొదలుపెట్టాను. వాడు చేయెత్తి "పాలకేంద్రంలో అడ్వాన్సు రాస్తారు కదా సార్, అలాగా?" అన్నాడు. వాళ్లింటి పాల పుస్తకం లెక్క చూసేది వాడేనట. నెత్తికెక్కడం లాంటిదేమీ జరగలేదు.

ఒక్కటే మిగిలింది. గ్రౌండులో పిల్లలు వాడిని "గేదెలోడా" అని పిలుస్తున్నారు. నేను సారీ చెప్పాక కూడా. ఆ పేరు పెట్టింది నేనే కదా, ఇప్పుడు నా చేతిలో లేదు. దీన్నెలా ఆపాలి?

గోడకుర్చీ బాధితుడు:
అది తొందరగా పోదు సార్. నన్ను ఇప్పటికీ మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "కత్తెర" అనే పిలుస్తారు.

లెక్కల మేడమ్, పాలమూరు:
పిలిచేవాళ్లను తిడితే ఇంకా పెరుగుతుంది, అది చేయకండి. వాడి పూర్తి పేరు పెట్టి మీరు రోజుకు నాలుగుసార్లు పిలవండి. బోర్డు దగ్గరికి, హాజరులో, చాక్‌పీసులు తెమ్మన్నప్పుడు. నాకు ఒకసారి ఫిబ్రవరి దాకా పట్టింది.

రిటైర్డ్ హెచ్ఎం:
గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకు బాబూ.