చాప్‌స్టిక్స్ కొనలు కత్తెరలా దాటిపోతున్నాయి, 5 ఏళ్ల పాపకు ఎలా సరిచేయాలి?

విశాఖ నుంచి అడుగుతున్నాను. పాపది కుడిచేతి వాటం. 3 వారాలుగా రోజూ సాయంత్రం 10 నిమిషాలు నేర్పిస్తున్నాం. వెదురు పుల్లలు, 16 సెంటీమీటర్లు, కొనలు గరుకే.

పై చివర కాగితం మడిచిపెట్టి రబ్బరు బ్యాండు చుడితే స్పాంజి ముక్కలు, ఉడకబెట్టిన వేరుశనగ గింజలు కూడా చక్కగా తీస్తోంది. బ్యాండు తీశామా, కింది పుల్ల కదిలిపోతుంది. అది బొటనవేలి మొదట్లో ఇరుక్కుని, ఉంగరపు వేలి మీద కదలకుండా ఆనాలి కదా. పాపకు ఆ వేలు లోపలికి ముడుచుకుపోతోంది, పుల్ల జారి కొనలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. పై పుల్ల మాత్రం పెన్సిల్ పట్టినట్టే బాగా పడుతుంది.

వేలు ఆనాల్సిన చోట స్కెచ్‌తో గీత గీశాం. కింది పుల్ల ఒక్కటే పట్టించాం. 2 నిమిషాలకే మళ్లీ ముడిచేస్తోంది. వేళ్లు దూర్చే రింగులున్న పుల్లలు వద్దనుకున్నాం, వేళ్ల పని అవే చేసేస్తాయి.

బ్యాండు లేకుండా ఉంగరపు వేలు నిలబడడానికి మీ పిల్లలకు ఏ అభ్యాసం పనిచేసింది?