వియత్నాం గోడ మీద డాన్ బుల్లక్ పేరు: ఎక్కడ వెతకాలి, కాగితం మీదికి ఎలా తీయాలి?

గోదారిగట్టు:
వచ్చే వారం వాషింగ్టన్ డీసీ వెళ్తున్నాం. వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో అందరికంటే చిన్నవాడు, మెరైన్ డాన్ బుల్లక్ పేరు పెన్సిల్‌తో రుద్ది కాగితం మీదికి తీసుకోవాలి. అక్కడి వియత్నాం యుద్ధ స్మారక గోడ మీద 58 వేలకు పైగా పేర్లు, అదీ అక్షర క్రమంలో లేవట. ఎలా పట్టుకోవాలి? కాగితం మనమే తీసుకెళ్లాలా? పూలు పెట్టొచ్చా?

రాతిపని:
ప్యానెల్ (రాతిపలక) 23 వెస్ట్, అంటే పడమటి గోడ, 96వ వరుస. ఇది రాసుకుని వెళ్తే సగం పని అయిపోయినట్టే. లేదంటే దారి మొదట్లో డైరెక్టరీ పుస్తకం ఉంటుంది. అందులో ఇంటిపేరు ముందు, గోడ మీద మాత్రం ఇంటిపేరు చివర.

పేర్లు తేదీల వరుసలో ఉంటాయి. ఒకే రోజు పోయినవాళ్లవి మాత్రం అక్షర క్రమంలో. గాయపడి తర్వాత చనిపోయినవాళ్లకు లెక్కలోకి వచ్చేది గాయపడిన తేదీ. పేర్ల క్రమం రెండు గోడలు కలిసే మూలలో మొదలై కుడిచేతి వైపు తూర్పు కొసకు పోతుంది. అక్కడ ఆగి, పడమటి కొసలో 70 వెస్ట్‌తో మళ్లీ మొదలై, 1 వెస్ట్‌తో అదే మూలకు వచ్చి ముగుస్తుంది. మొదటి ప్యానెలూ చివరి ప్యానెలూ పక్కపక్కనే ఉంటాయన్నమాట. బుల్లక్ 1969 జూన్ 7న చనిపోయాడు కాబట్టి పడమటి గోడ.

చాలామంది తప్పేది ఇక్కడే. ప్యానెల్ అడుగున అంకె ఒక్కటే ఉంటుంది. 23 కనబడగానే తూర్పు గోడ దగ్గర నిలబడి వెతుకుతుంటారు. మూలకు ఎదురుగా నిలబడి ఎడమకు తిరగండి. ఒక్కో ప్యానెల్ వెడల్పు దాదాపు మీటరు, కాబట్టి సుమారు 22 మీటర్లు నడిస్తే చాలు. వరుసలు పైనుంచి లెక్కపెట్టాలి. ప్యానెల్ విడిచి ప్యానెల్‌కు పదేసి వరుసలకో చుక్క ఉంటుంది, దాన్ని పట్టుకుంటే లెక్క తప్పదు. 96 అంటే కింది వైపే, నిచ్చెన అక్కర్లేదు, వంగాలి.

అన్నట్టు ఆ నల్లరాయి బెంగళూరు వైపు నుంచి వెళ్లిందే.

పెన్సిల్‌చెక్క:
కాగితం, పెన్సిల్ అక్కడి వాలంటీర్లే ఇస్తారు, అడగడమే. సొంతవి కావాలంటే పలచటి కాగితం, మెత్తటి 4బీ లేదా 6బీ పెన్సిల్. మైనపు క్రేయాన్లు వద్దు, రాయికి పడతాయి. టేపు కూడా అంటించొద్దు, ఒకరు కాగితం పట్టుకుంటే ఇంకొకరు రుద్దాలి.

చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం వేసి రుద్దిన పద్ధతే. కాకపోతే బిళ్ల మీద గీత ఉబ్బి ఉంటుంది, ఇక్కడ అక్షరం లోపలికి ఉంటుంది. అందుకే చుట్టూ నల్లబడి అక్షరం తెల్లగా మిగులుతుంది. అక్షరం ఎత్తు 13 మిల్లీమీటర్లు, లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మొనతో గట్టిగా నొక్కితే కాగితం ఆ గాడిలోకి దిగి అక్షరమూ నల్లబడుతుంది, లేదా చిరుగుతుంది. పెన్సిల్‌ను పడుకోబెట్టి, సీసం పక్క భాగంతో, తేలిగ్గా, ఒకే వైపుకు. మధ్యలో కాగితం జరిగితే అక్షరాలు జోడుగా కనిపిస్తాయి, సరిచేయబోకుండా కొత్త కాగితం తీసుకోండి. వాన పడి రాయి తడిగా ఉంటే ఆ రోజుకు మానుకోవడమే.

పేరు పక్కన డైమండ్ గుర్తు వదిలేయకండి. మరణం నిర్ధారణ అయిందని దానర్థం. సిలువ గుర్తుంటే ఆచూకీ తెలియనివాళ్లు. వాళ్ల అవశేషాలు దొరికితే సిలువ మీదే డైమండ్ చెక్కుతారు.

ఫోటో అయితే పక్కనుంచి ఏటవాలుగా తీయండి. ఎదురుగా తీస్తే అద్దంలా మీ మొహమే పడుతుంది.

పాతకాగితాలు:
గోడ మీద హోదా, వయసు, దళం ఏవీ ఉండవు. రుద్దిన కాగితం మీద ఒట్టి డాన్ బుల్లక్ అనే వస్తుంది, ఎవరో చెప్పాలంటే వెనకవైపు మీరే రాసుకోవాలి. పుట్టింది 1953 డిసెంబర్ 21, నార్త్ కరోలినాలోని గోల్డ్స్‌బరో. జనన ధ్రువపత్రంలో 1949 అని దిద్దుకుని 1968 సెప్టెంబర్‌లో మెరైన్ దళంలో చేరాడు, అప్పటికి 14 ఏళ్లు. వియత్నాంలోని ఆన్ హోవా స్థావరంలో పోయేనాటికి 15. దిద్దుడు తేదీ ప్రకారం 19 వస్తుంది, కాబట్టి పుట్టిన ఏడాది ఎక్కడైనా 1949 అని కనబడితే అది ఆ దిద్దుడే. గోల్డ్స్‌బరోలోని సమాధికి 2000 దాకా రాయి కూడా లేదు. నాకైతే గోడ కంటే ఆ సంగతే ఎక్కువ గుచ్చుకుంటుంది.

పూలు గోడ అడుగున నేలమీద పెట్టొచ్చు, కానీ వాడిపోయేవీ తినేవీ తీసి పారేస్తారు. ఉత్తరమో, బొమ్మో పెడితే పార్క్ సిబ్బంది ఎత్తి భద్రపరుస్తారు. దాని మీద పేరు, ప్యానెల్, వరుస రాసి పెట్టండి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. కాగితం మడత పెట్టొచ్చా?

పెన్సిల్‌చెక్క:
వద్దండీ, మడత దగ్గర సీసం అంటుకుపోతుంది. పైన బటర్ పేపర్ వేసి అట్ట గొట్టంలో చుట్టండి. ఫిక్సెటివ్ స్ప్రే (గీసింది చెరగకుండా కొట్టేది) ఇంటికొచ్చాకే కొట్టండి, గోడ దగ్గర వద్దు.