మోల్డ్ కాంపౌండ్‌కి ఎలాస్టిక్ మోడల్ చాలదా?

పీసీబీ_పిచ్చి:
బీజీఏ (అడుగున సోల్డర్ బంతులుండే చిప్ ప్యాకేజీ) వార్పేజ్, అంటే వంపు, సిమ్యులేషన్‌లో ఈఎంసీకి (చిప్‌ని కప్పే ఎపాక్సీ మోల్డ్ కాంపౌండ్) ఉష్ణోగ్రతతో మారే మాడ్యులస్ (గట్టిదనం), టీజీకి (కాంపౌండ్ గట్టిదనం వదిలి రబ్బరులా మారే ఉష్ణోగ్రత) పైనా కిందా రెండు సీటీఈలు (డిగ్రీకి ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకెలు) ఇస్తే చాలని నా వాదన. డేటాషీట్‌లో దొరికేవీ అవే. రెండు డిజైన్లలో ఏది తక్కువ వంగుతుందో తేల్చడానికి కాలంతో ఒత్తిడి సడలడాన్నీ లెక్కలోకి తీసుకునే విస్కోఎలాస్టిక్ మోడల్ కోసం డీఎంఏ (మాడ్యులస్ కొలిచే పరీక్ష), మాస్టర్ కర్వ్ (ఆ కొలతలన్నీ కలిపిన ఒకే గీత), ప్రోనీ సిరీస్ (ఆ గీతకి అమర్చే పదాల మొత్తం) అంటూ అంత తతంగం దేనికి?

టీజీ130:
పోలికకైతే సరే. అంకె కావాలంటే కుదరదండి. మోల్డింగ్ 175 డిగ్రీలు, టీజీ 130 అనుకోండి. టీజీ పైన సీటీఈ డిగ్రీకి 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు), చిప్‌లోని సిలికాన్‌ది 3. 45 డిగ్రీలు చల్లారేసరికి తేడా 1215 పీపీఎం. అప్పటికి కాంపౌండ్ రబ్బరులా ఉంటుంది, మాడ్యులస్ 0.5 గిగాపాస్కల్ వేసి, సిలికాన్ అస్సలు కదలదనుకున్నా 0.6 మెగాపాస్కల్ ఒత్తిడే. కానీ ఎలాస్టిక్ మోడల్ మొత్తం స్ట్రెయిన్‌ని (సాగుదల నిష్పత్తి) ఆ క్షణపు మాడ్యులస్‌తో గుణిస్తుంది. 25 డిగ్రీలకు దిగాక అదే 1215ని 22 గిగాపాస్కల్‌తో గుణిస్తే 27 మెగాపాస్కల్. లేని ఒత్తిడి పుట్టుకొచ్చింది!

పీసీబీ_పిచ్చి:
స్ట్రెస్-ఫ్రీ (ఒత్తిడి సున్నా అనుకునే) ఉష్ణోగ్రతను 130కి దించేస్తే పోలా?

టీజీ130:
గది ఉష్ణోగ్రత దగ్గర గట్టెక్కుతారు. 175 దగ్గర దాదాపు చదునుగా ఉండాల్సింది వంగి కనిపిస్తుంది. రీఫ్లోలో (సోల్డర్ కరిగించి ప్యాకేజీని బోర్డుకి అతికే దశ) 260 దగ్గరి వంపే కదా బంతులు అతుకుతాయో లేదో తేల్చేది?

మెష్‌మావయ్య:
మీ ఇద్దరి గొడవకీ ముందు ఒకటి సరిచూసుకోండి. డేటాషీట్ సీటీఈలు వ్యాకోచ గీతకి ఆ ఉష్ణోగ్రత దగ్గరి వాలు. అబాకస్ (సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) అడిగేది రిఫరెన్స్ ఉష్ణోగ్రత నుంచి లెక్కగట్టిన సగటు. టీజీ కింద 9, పైన 30 అయితే 25 నుంచి 175కి సగటు 15.3. అక్కడ నేరుగా 30 వేస్తే వ్యాకోచం 2295 బదులు 4500 పీపీఎం అవుతుంది. ఈ తప్పుంటే ఏ మోడలైనా దండగే.
క్యూర్ (కాంపౌండ్ రసాయనికంగా గట్టిపడటం) కుదింపునీ ఇద్దరూ వదిలేశారు. 0.1 శాతమే అయినా 1000 పీపీఎం. పైన చెప్పిన 1215కి ఏం తక్కువ?

టీజీ130:
ఒప్పుకున్నా. ప్రోనీకి దిగేవాళ్లు డెకేడ్‌కి (కాలం పదింతలయ్యే ప్రతి అంచెకి) ఒక పదమైనా పెట్టండి, తగ్గిస్తే కర్వ్ మెట్లుమెట్లుగా వస్తుంది. డబ్ల్యూఎల్ఎఫ్‌ని (ఉష్ణోగ్రత మారితే గీత కాలం వెంట ఎంత జరుగుతుందో, అంటే షిఫ్ట్, చెప్పే సూత్రం) టీజీ కిందకి లాగొద్దు, అక్కడ షిఫ్ట్ విడిగా ఫిట్ చేయాలి.

మెష్‌మావయ్య:
అవసరమా కాదా అన్నది ఒక పట్టీ చెబుతుంది. పలుచటి రాగిరేకు మీద కాంపౌండ్ మోల్డ్ చేసి, పూర్తిగా క్యూర్ చేసి, 25 నుంచి 260 దాకా వేడిచేసి దించుతూ వంపు కొలవండి. ఎక్కే గీత, దిగే గీత ఒకదానిమీదొకటి పడి, ఎలాస్టిక్ మోడల్ ఇచ్చే గీతకీ సరిపోతే దాంతోనే నెట్టుకురావచ్చు. ఎక్కేదీ దిగేదీ విడిపోతే ఇంకోసారి వేడిచేయండి. రెండోసారి ఎక్కే గీత మొదటిదానికి దూరంగా ఉంటే అనుమానించాల్సింది మోడల్‌ని కాదు, క్యూర్‌ని.