పవర్ సిస్టమ్సా, పవర్ ఎలక్ట్రానిక్సా, చిప్పులా? ఈఈఈ మూడో ఏడాది తిప్పలు

పలమనేరు_పిల్లోడు:
తిరుపతిలో ఈఈఈ మూడో ఏడాది. శుక్రవారంలోగా ఎలక్టివ్ ఫారం ఇవ్వాలి. పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్, వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ఉన్నాయి. రేపు ఎంటెక్ చేసినా ఇదే దారి. నాయనేమో "కరెంటాఫీసు ఉద్యోగం చాలు నైనా" అంటాడు. మా రూములో నలుగురిలో ముగ్గురు వీఎల్‌ఎస్‌ఐ పెట్టేశారు. నాకు మెషిన్స్ ల్యాబ్ తప్ప ఏదీ పెద్దగా తలకెక్కలేదు. ఏం చేయమంటారు?

సబ్‌స్టేషన్_సామి:
పవర్ సిస్టమ్స్, ఇంకో మాట లేదు. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్ ఎట్ల కుప్పకూలింది? బీనా-గ్వాలియర్ 400 కేవీ లైన్లో షార్ట్ సర్క్యూట్ లాంటి ఫాల్టేమీ లేదు. లోడు పెరిగేసరికి రిలే (ఫాల్టొస్తే లైన్ కట్ చేయించే పరికరం) మూడో జోన్, అంటే దూరపు ఫాల్టులు చూసే సెట్టింగు, దాన్నే ఫాల్టనుకుని లైన్ ట్రిప్ చేసింది. మర్నాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పోయాయి. మన దక్షిణ గ్రిడ్‌ని మిగతా దేశంతో సింక్రనస్‌గా, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో నడిచేలా కలిపింది 2013 డిసెంబరు 31న, కాబట్టి ఆ దెబ్బ మనదాకా రాలేదు. రిలే సంగతి తెలిసినోడికి పని కరువుండదు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) హెడ్డాఫీసు కూడా మీ తిరుపతిలోనే.

రేణిగుంట_ఇన్వర్టర్:
హెడ్డాఫీసు ఉంది సరే అన్నా, నోటిఫికేషన్ ఎప్పుడో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. తమ్ముడూ, మీ పలమనేరు దాటిపోతే కోలారు. ఒడిశా తాల్చేరు నుంచి 2003లో మొదలైన హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) లైను దిగేది అక్కడే. ప్లస్ మైనస్ 500 కేవీ, మొదట్లో 2000 మెగావాట్లు. ఆ డీసీని ఏసీ చేసేది థైరిస్టర్లనే సెమీకండక్టర్ స్విచ్చులు. మరి దీన్ని ఏ సబ్జెక్టులో వేస్తాం? ఇంకోటి. థర్మల్ జనరేటర్ రోటరు టన్నుల బరువుతో తిరుగుతుంటుంది, అందుకే ఒక యూనిట్ ట్రిప్పైనా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి ఒక్కసారిగా పడిపోదు. సోలార్ ప్యానెల్లో తిరిగేదేముంది? ఆ బరువు ఇక ప్యానెల్ డీసీని ఏసీ చేసే ఇన్వర్టరే మోయాలి. పైగా ఫాల్టొచ్చినా ఇన్వర్టరు తన రేటింగ్ కంటే కాస్తే ఎక్కువ కరెంటిస్తుంది. సామన్న రిలేకి అది ఫాల్టో కాదో తెలియక తల తిరుగుతుంది.

సబ్‌స్టేషన్_సామి:
ఆ తల తిరుగుడు తగ్గించే సెట్టింగు ఇచ్చేది మళ్ళీ మేమే గదా.

బెంగుళూరు_బస్సు:
ఇద్దరూ జీతం ఊసే ఎత్తరే! నేను ఈఈఈ చేసి చిప్ వెరిఫికేషన్లో (డిజైన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే పని) ఉన్నా. డబ్బులు బాగానే ఉన్నాయి. కాకపోతే చిప్ డిజైన్ రాసే భాష వెరిలాగ్ సొంతంగా నేర్చుకోడానికి ఏడాదిన్నర పట్టింది, పోటీ ఈసీఈ వాళ్ళతో. ఒక ఎలక్టివ్‌కి టిక్కు పెట్టి అంతా అయిపోయిందనుకునే నీ రూమ్మేట్లకి ఈ మాట చెప్పు. మెషిన్లు నచ్చినోడు రోజంతా ఏసీ గదిలో వేవ్‌ఫారాలు చూస్తా కూర్చోగలడా అంటే, నేనైతే కూర్చున్నా.

చిత్తూరు_వైండింగ్:
నాది మోటార్లు కట్టే షాపు. డిగ్రీ లేదు, అయినా చెప్తా. పోయిన ఎండాకాలం ఒక రైతు 7.5 హెచ్‌పీ బోరు మోటారు తెచ్చినాడు, ఎంటెక్ చదివే కొడుకూ వచ్చినాడు. విప్పి చూపిస్తి. రెండు ఫేజుల చుట్లు పూత కరిగి ఒకదానికొకటి అంటుకోనుండాయి, మూడో ఫేజు కట్టిన రోజు మాదిరే ఉండాది. "ఎందుకు కాలిందబ్బా?" అంటే పిల్లోడు "హై వోల్టేజీ" అనె. మూడు ఫేజుల చుట్ల కొసలు ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్ సామీ అది. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక ఫ్యూజు పోయింటాది, మిగతా రెండు ఫేజుల్లోనే కరెంటంతా పారింది. డెల్టా (త్రిభుజం మాదిరి కలిపేది) అయ్యుంటే ఒక్క ఫేజే కాలుండేది. మీరు పైన గ్రిడ్ల కోసం కొట్లాడుకుంటా ఉండారు.

రేణిగుంట_ఇన్వర్టర్:
అది మా సిలబస్సే అన్నా! డ్రైవు (మోటారు వేగం అదుపు చేసే పరికరం) పెట్టుంటే ఫేజు పోగానే ఆపేసుండేది.

చిత్తూరు_వైండింగ్:
డ్రైవు కొనే దుడ్డుతో ఎన్ని మార్లు కట్టించుకోవచ్చో లెక్కేసుకో. ఒక ఫేజు పోతే మోటారు ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ చాలు.

పలమనేరు_పిల్లోడు:
ఫారం ఇచ్చేశా. పవర్ ఎలక్ట్రానిక్స్ పెడితే ఆఫీసులో ఆయన చూసి "దీనికి పదకొండు మందే, ఇరవై రాకపోతే నడపరు, రెండోది కూడా రాయి" అన్నాడు. పవర్ సిస్టమ్స్ రాశా. సామన్నా, నవ్వుకో. చిత్తూరన్నా, మా మోటారుకి ప్రివెంటర్ ఉందా అని నాయనకి ఫోన్ చేసి అడిగా. "అదేంది నైనా?" అన్నాడు. ఆదివారం మీ షాపు తెరిచుంటారా?