జపాన్ నుంచి దిగుమతైన 1991 జెడ్32 ట్విన్ టర్బో కొనాలనుంది, ముందు ఏం చూడాలి?

కూపే_కల

జెడ్32 అంటే నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్, బయటి దేశాల్లో 300జెడ్ఎక్స్ అని అమ్మారే అదే, 1991 మోడల్ ఒకటి చూశాను. ట్విన్ టర్బో, 5 గేర్ల మాన్యువల్, పైన టీ-టాప్, అంటే విప్పి తీయగల అద్దాలు. జపాన్‌లోనే తిరిగి కొన్నేళ్ల కింద దిగుమతి అయిన కారు కాబట్టి స్టీరింగ్ కుడివైపు. మీటర్ 82 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. అమ్మే ఆయన దగ్గర జపాన్ వేలంపాట షీట్ కాపీ ఉంది, గ్రేడ్ 3.5, కింద కారు బొమ్మ చుట్టూ ఏ1, యూ2, డబ్ల్యూ1, ఎస్ అని ఏవో రాసి ఉన్నాయి, నాకు తలా తోకా తెలియలేదు.

నడిపి చూశాను, లాగుడు అద్భుతం. కానీ మూడు సంగతులు కొంచెం టెన్షన్ పెడుతున్నాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఒకసారి సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది, కాసేపాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. వేడిమీద ఐడిల్‌లో ముందువైపు నుంచి డీజిల్ బండిలా టకటక శబ్దం. డాష్‌బోర్డులో హైకాస్ (వెనక చక్రాల స్టీరింగ్) లైటు అప్పుడప్పుడు వెలుగుతోంది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడిగితే "లక్ష దాటలేదు కదండీ, దానికింకా చాలా టైముంది" అన్నాడాయన.

ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు, ప్లగ్గులు లాంటివి నేనే చేసుకుంటాను, అంతకు మించి ఇంజిన్ విప్పింది లేదు. రోజూ ఆఫీసుకి వేరే కారు ఉంది, ఇది వారాంతాలకే. కొనొచ్చా? కొంటే మొదట ఏ పని మీద చెయ్యి పెట్టాలి? పాత కార్ల జోలికే పోవద్దని సలహా ఇచ్చేవాళ్లు ఇంట్లోనే సరిపడా ఉన్నారు, మీరైనా కారు గురించి చెప్పండి.

బానెట్_బాబాయ్

తమ్ముడూ, ముందు ఆ లక్ష లెక్క పక్కన పెట్టు. లక్ష కిలోమీటర్లన్నది కారు కొత్తగా ఉన్న రోజుల్లో, ఏటా బాగా తిరుగుతుందని వేసిన లెక్క. బెల్ట్ రబ్బరు కదా, కారు కదలకపోయినా దాని వయసు ఆగదు. మార్చినట్టు కాగితం చూపిస్తే సరే, లేదంటే మార్చలేదనే అనుకుని బేరమాడు. ఇందులో ఉన్న వీజీ30డీఈటీటీ ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్, బెల్ట్ తెగినా, నాలుగు పళ్లు జారినా వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. ఉన్నవి 24 వాల్వులు, ఆలోచించుకో.

అది విప్పినప్పుడు ఒక్క బెల్ట్ వేసి మూసేయకు. టెన్షనరు, ఐడ్లర్ బేరింగులు, వాటర్ పంపు, క్రాంక్ సీలు, క్యామ్ సీళ్లు అన్నీ ఒకేసారి. పనంతా అక్కడిదాకా చేరుకోవడంలోనే ఉంది, భాగాల ఖర్చు దాని ముందు తక్కువే. క్రాంక్ పుల్లీ కూడా చూడు, దాని లోపలి రింగుకీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది, అది ఊడిపోతే బయటి రింగు పక్కకి జారి బెల్టుల్ని తినేస్తుంది.

నువ్వు చెప్పిన టకటక బహుశా వీటీసీ పుల్లీలది, అంటే ఇన్‌టేక్ క్యామ్‌ల మీద ఉండే వేరియబుల్ టైమింగ్ పుల్లీలు. లోపలి స్ప్రింగు మెత్తబడితే వేడి ఐడిల్‌లో సరిగ్గా అలాగే కొట్టుకుంటాయి. వినడానికి భయంగా ఉంటుంది గానీ వెంటనే ఇంజిన్ పోయే జబ్బేం కాదు, బెల్ట్ పని చేసేటప్పుడే చూసుకోవచ్చు. హైడ్రాలిక్ లిఫ్టర్ల టిక్ టిక్ వేరు, అది సన్నగా వేగంగా ఉంటుంది, చాలా జెడ్32లలో ఉండేదే.

ఇక అసలు సంగతి. ఈ కారులో భయపడాల్సింది ఇంజిన్ లోపలి ఇనుముకి కాదు. ఆ బ్లాకు, క్రాంకు గట్టివి, కంపెనీ ఇచ్చిన బూస్ట్‌లో ఉంచితే చాలా దూరం వస్తాయి. దాని మీద పరుచుకున్న రబ్బరు పైపులు, ప్లాస్టిక్ కనెక్టర్లు, వైర్లు, వాటికి భయపడాలి. ముప్పై ఏళ్లు రెండు టర్బోల వేడిలో ఉడికినవి అవి. ఇంజిన్ మీద గాలిని సిలిండర్లకి పంచే డబ్బా, ఇన్‌టేక్ ప్లీనమ్, తీస్తే కింద ఒక లోకమే ఉంటుంది: చిన్నా పెద్దా కూలెంట్ పైపులు, పెట్రోల్ పైపులు, వ్యాక్యూమ్ గొట్టాలు, ఇంజెక్టర్లు, ఆ లోయ అడుగున ఇంజిన్ నాకింగ్‌ని పసిగట్టే నాక్ సెన్సర్, దాని వైరు. వైరుని వేలితో వంచితే చాలు పొడిపొడిగా రాలుతుంది. ఇవేవీ పైనుంచి కనబడవు, ప్లీనమ్ తియ్యకుండా చాలావాటికి చెయ్యి కూడా పోదు. అందుకే కారు ఇంటికొచ్చాక పెట్టుకోవాల్సిన మొదటి పెద్ద పని ఇదే, అన్నిటికన్నా ముందు ఆ పెట్రోల్ పైపులు. గట్టిపడ్డ పైపు చీలి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పడితే ఇక రిపేరు గురించి మాట్లాడుకోవాల్సిన అవసరమే ఉండదు.

సిల్వర్_ఆర్నమెంట్

ట్విన్ టర్బో వదిలెయ్ బ్రో. టర్బో లేని జెడ్32 చూసుకో, అదే 3 లీటర్ల వీ6, జపాన్ లెక్కలో 230 హార్స్‌పవర్, ట్విన్ టర్బోకి 280. వారాంతం సరదాకి ఆ యాభై తేడా తెలియదు. టర్బో లేకపోతే ఇంజిన్ చుట్టూ కాస్త చోటుంటుంది, చేతులు దూరతాయి. ట్విన్ టర్బోలో టర్బో పోయిందంటే చాలామంది ఇంజిన్ మొత్తం కిందికి దించే మారుస్తారు, అంత ఇరుకు. అదొక్కటి చాలు నాకు.

బానెట్_బాబాయ్

@సిల్వర్_ఆర్నమెంట్ ఇరుకు మాట ఒప్పుకుంటా, తేడా తెలియదన్న మాట మాత్రం ఒప్పుకోను. అతను ఆల్రెడీ ట్విన్ టర్బో నడిపి వచ్చాడు, ఇప్పుడు టర్బో లేనిది ఎక్కితే ప్రతి వారాంతం అదే గుర్తొస్తుంది.

వైరింగ్_వీరయ్య

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టవడం గురించి. ఇది విన్నప్పుడు జెడ్32 వాళ్లెవరికైనా మొదట తట్టేది పీటీయూ, పవర్ ట్రాన్సిస్టర్ యూనిట్. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇచ్చే సిగ్నల్ తీసుకుని ఆరు ఇగ్నిషన్ కాయిళ్లని ఆన్ ఆఫ్ చేసేది అదే. తొలి మోడళ్లలో దాన్ని తీసుకెళ్లి ఇంజిన్ ముందు భాగం మీదే బిగించారు, ఎవరి ఆలోచనో గానీ. ఏళ్ల తరబడి వేడి తిని తిని లోపల దెబ్బతింటుంది. తర్వాత కంపెనీయే దాన్ని కాస్త చల్లటి చోటికి జరిపే కొత్త రకం యూనిటు, దానికి సరిపోయే వైరుతో సహా తెచ్చింది. మీరు చూసిన కారులో పాతదుందో కొత్తదుందో బానెట్ ఎత్తితే తెలుస్తుంది.

కానీ వెంటనే ఆర్డర్ పెట్టేయకండి. ఇదే లక్షణం క్రాంక్ యాంగిల్ సెన్సర్ వల్లా రావొచ్చు, ఇంజెక్టర్ వల్లా రావొచ్చు, తుప్పు పట్టిన ఒక్క కనెక్టరు వల్లా రావొచ్చు. ఈ కారుకి ఓబీడీ2 (కొత్త కార్లలో లోపాలు చదివే పోర్టు) లేదు, మార్కెట్లో దొరికే మామూలు స్కానర్లు పనిచేయవు. 14 పిన్నుల నిస్సాన్ కన్సల్ట్ పోర్టు ఉంటుంది, దానికి కేబుల్, ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ దొరుకుతాయి, ఈ కారు కొంటే అది తప్పకుండా తీసుకోండి. అది లేకపోయినా పర్లేదు, ప్యాసింజర్ కాళ్ల దగ్గర ఉన్న ఈసీయూని బయటికి లాగి దాని మీది చిన్న స్క్రూ తిప్పి డయాగ్నస్టిక్ మోడ్‌లో పెడితే లైటు మెరుస్తుంది, పొడుగు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు. 55 వస్తే లోపమేమీ నమోదు కాలేదని. 21 వస్తే ఇగ్నిషన్ సిగ్నల్, అప్పుడు పీటీయూ మీద అనుమానం బలపడుతుంది. 11 అయితే క్రాంక్ యాంగిల్ సెన్సర్. 34 అయితే నాక్ సెన్సర్, అంటే బాబాయ్ గారు చెప్పిన ఆ పొడిపొడి వైరు. 34 ఉన్నా కారు నడుస్తూనే ఉంటుంది, కాకపోతే ఈసీయూ భద్రం కోసం టైమింగ్ వెనక్కి లాగుతుంది, పికప్ తగ్గుతుంది. అమ్మే ఆయన్ని అడిగి కొనేముందే ఈ కోడ్లు చదవండి, అందుకు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

ఇంజెక్టర్ల సంగతి విడిగా చెప్పాలి. 1991 కారంటే పాత రకం ఇంజెక్టర్లు. వాటిలో పెట్రోల్ లోపలి కాయిల్ చుట్టలకి తగులుతూ ప్రవహిస్తుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఆ చుట్టల మీది పూతని నెమ్మదిగా పాడుచేస్తుంది. మల్టీమీటర్ తీసుకుని ఆరింటి ఓమ్స్ కొలవండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడిగా ఉన్నప్పుడు ఒకసారి. అన్నీ 10 నుంచి 14 ఓమ్స్ మధ్య దగ్గరదగ్గరగా ఉండాలి, ఒకటి విడిగా దూరంగా ఉంటే అది పోతోందనే. మార్చేటట్టయితే ఆరూ ఒకేసారి కొత్త రకానికి మార్చండి, అదీ ప్లీనమ్ బయట ఉన్నప్పుడే.

కూపే_కల

వీరయ్య గారూ, బాబాయ్, చాలా థాంక్స్. ఒప్పించి కోడ్లు చదివాను. 34 వచ్చింది, 21 కూడా వచ్చింది. పీటీయూ ఇంజిన్ ముందు మీదే ఉంది, అంటే పాతదే అనుకుంటా. ఇంజెక్టర్లు ఇంకా కొలవలేదు. ఇంతకీ ఆ వేలంపాట షీట్ అక్షరాలు ఎవరైనా చెబుతారా? హైకాస్ లైటు గురించి కూడా.

తుప్పు_వేటగాడు

నా సబ్జెక్టు వచ్చింది. షీట్‌లో ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, డబ్ల్యూ అంటే రిపేరు చేసి పెయింట్ వేసిన చోట ఉపరితలం అలలుగా ఉందని, ఎస్ అంటే తుప్పు, సీ అంటే లోహం తినేసిన తుప్పు. పక్కనున్న అంకె పెరిగేకొద్దీ తీవ్రత. ఎక్స్ ఉంటే ఆ ప్యానెల్ మార్చాలని, రెండు ఎక్స్‌లు ఉంటే ఇప్పటికే మార్చారని. గ్రేడ్ చోట అంకెకి బదులు ఆర్ అని ఉంటే ప్రమాదం జరిగి రిపేరైన బండి. 3.5 అంటే ఈ వయసు కారుకి మర్యాదైన గ్రేడే. అసలు చూడాల్సింది ఇంకోటి: షీట్ మీది చాసిస్ నంబరు, కారు ప్లేటు మీది నంబరు ఒకటేనా, షీట్ మీది కిలోమీటర్లకి ఇప్పటి మీటరుకి పొంతన ఉందా. రెండు సీట్ల ట్విన్ టర్బో అయితే నంబరు సీజెడ్32తో మొదలవాలి, వెనక సీట్లున్న 2+2 అయితే జీసీజెడ్32. ఉత్త జెడ్32 అని ఉండి బానెట్ కింద రెండు టర్బోలు కనిపిస్తే ఆ ఇంజిన్ తర్వాత పెట్టింది.

ఎస్ అని ఏ మూల రాశారో అక్కడికి టార్చ్ తీసుకుని వెళ్లు. వెనక చక్రాల ఆర్చ్‌లు, జాకీ పెట్టే సిల్ అంచులు, ముందు స్ట్రట్ టవర్లు. జపాన్ అంటే బళ్లన్నీ శుభ్రంగా ఉంటాయని ఒక నమ్మకం, హొక్కైడో లాంటి మంచు ప్రాంతాల్లో తిరిగిన బండి కింద పడుకుని చూస్తే ఆ నమ్మకం పోతుంది. టీ-టాప్ ఉంది కాబట్టి కార్పెట్ ఎత్తి సీట్ల కింద తడి చూడు, పైన సీళ్లు గట్టిపడితే నీళ్లు లోపలికే. వీరయ్య గారి ఈసీయూ కూడా ఆ కార్పెట్ దగ్గరే ఉంది కదా, అది గుర్తుపెట్టుకో. ఇంజిన్ ఎంత పోయినా మరో ఇంజిన్ దొరుకుతుంది, కుళ్లిన సిల్లుని బాగుచేయడానికి ఓపికున్న మనిషి దొరకడం కష్టం.

హైకాస్ అంటే వెనక చక్రాలు కూడా కొద్దిగా తిరిగే ఏర్పాటు. 1991లో అది హైడ్రాలిక్, పవర్ స్టీరింగ్ ఆయిలు కారు ముందు నుంచి వెనకదాకా పైపుల్లో పోతుంది, 1994 ప్రాంతంలో ఎలక్ట్రిక్‌కి మారింది. లైటు వెలగడానికి కారణం ఆయిల్ తగ్గడం కావచ్చు, స్టీరింగ్ సెన్సర్ కావచ్చు. పైపులు తుప్పు పట్టి కారుతున్నా, వెనక బాల్ జాయింట్లు అరిగినా చాలామంది మొత్తం తీసేసి, వెనక చక్రాలు తిరగకుండా లాక్ బార్ పెట్టేస్తారు. నేనూ దానికే ఓటు. అది ఉన్నప్పుడు స్టీరింగ్ ఏదో ముందే ఊహించినట్టు ఉంటుంది, తీశాక నిజాయితీగా ఉంటుంది. ఒరిజినల్‌గా ఉంచాలనే వాళ్లు నన్ను తిట్టుకోవచ్చు.

వైరింగ్_వీరయ్య

తిట్టను గానీ, తీసిన భాగాలు పారేయొద్దని మాత్రం చెబుతాను. ఒరిజినల్ స్థితిలో ఉన్న కార్లే వెతుక్కునే కాలమిది.

21, 34 రెండూ వచ్చాయి కాబట్టి మీ దారి తేలికైంది. పీటీయూ ముందు మార్చేయండి, దానికి ప్లీనమ్ తియ్యక్కర్లేదు. 34 కోసం ఎలాగూ లోపలికి వెళ్లాలి.

కొత్తూరి_కూపే

స్పేర్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో మీరు అదృష్టవంతులే, జెడ్32 జపాన్‌కే పరిమితమైన కారు కాదు, అమెరికాలో 1996 దాకా అధికారికంగా అమ్మారు, జపాన్‌లో 2000 దాకా తయారైంది. ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్ భాగాలు చాలావరకు అక్కడి నుంచి దొరుకుతాయి. కానీ బ్రేక్ మాస్టర్ సిలిండర్, స్టీరింగ్ ర్యాక్, డాష్‌బోర్డ్, వైపర్ల లింకు లాంటివి కుడి స్టీరింగ్‌వి వేరు, చాసిస్ నంబరుతోనే ఆర్డర్ పెట్టండి, ఫొటో చూసి కాదు. హెడ్‌లైట్లూ అంతే. ఎడమవైపు నడిచే జపాన్ కోసం చేసిన లైటు వెలుగు ఎడమ అంచుకి ఎగబాకుతుంది, కుడివైపు నడిచే దేశంలో అది ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. లంబోర్గిని 1999 నుంచి డయాబ్లోకి ఈ లైట్లే వాడుకుంది, అమ్మే ఆయన ఈ కథ చెప్పి ధర పెంచితే నవ్వి ఊరుకోండి.

గేర్‌బాక్స్‌లో జీఎల్-4 ఆయిలే పొయ్యండి. జీఎల్-5లో ఉండే సల్ఫర్ రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోలకి సరిపడవు. టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి, వారం, సంవత్సరం. తక్కువ తిరిగిన కార్లలో గీతలు నిండుగా ఉండి రబ్బరు రాయిలా ఉండటం మామూలే, 280 హార్స్‌పవర్ వెనక చక్రాలకి వెళ్తుంటే అది ఆటలాడే విషయం కాదు. ఇంజిన్ కింది ప్లాస్టిక్ షీట్ ఉందో లేదో కూడా చూడండి, ఆయిల్ మార్చినప్పుడు తీసి చాలామంది మళ్లీ పెట్టరు, అది లేకపోతే రేడియేటర్‌కి గాలి సరిగ్గా పోదు.

కూపే_కల

ఆదివారం టార్చ్, మల్టీమీటర్ పట్టుకుని మళ్లీ వెళ్తున్నా. కొంటే పీటీయూ, బెల్ట్ సెట్ మొదట, చలికాలంలో ప్లీనమ్ తీసి మిగతావి. ఈ లోపు నడపొచ్చా?

బానెట్_బాబాయ్

బెల్ట్ పడేదాకా ఇంటికి తెచ్చుకోవడానికి కూడా ట్రక్కు మీదే తీసుకురా. తెచ్చిన రోజే ప్లీనమ్ సందుల్లోంచి ముక్కు పెట్టి చూడు, పెట్రోల్ వాసన ఏమాత్రం వచ్చినా చలికాలం దాకా ఆగొద్దు. ఆదివారం ఇంజెక్టర్ల ఓమ్స్ ఎంతొచ్చాయో ఇక్కడ రాయి.